గో ఆట, గణకయంత్రము, గడియారము

“యంత్రానికి ఆలోచించడానికి టైమెందుకు సార్? మీట నొక్కగానే జవాబు చెప్పెయ్యాలి గదా!”

మా కళాశాలలో డిగ్రీ చదువుచున్న ఒక కుర్రవాడు నన్నడిగిన ప్రశ్న ఇది. అడుగుటకు కారణము లేకపోలేదు. మేటి ఆటగాండ్రను సయితము ఓడించగల ఒక గో ప్రోగ్రామును ఆ సాయంకాలమే వాడు మా ప్రయోగశాలలో ఓడించి యుండెను. వాడు ఓడించెననుటకంటె యంత్రము ఓడిపోయెననుట సబబు. ఇరువురికి చెరి 40 నిమిషములు ఇచ్చి బల్లమీద ఒక గడియారము పెట్టుకొంటిమి. యంత్రము ఇరువది పైచిలుకు రాళ్లు పెట్టునప్పటికి పలకమీద దానికి తిరుగులేని ఆధిక్యము వచ్చెను. కాని అప్పటికే దాని 40 నిమిషములును అయిపోయెను. పలకమీద గెలుపు యంత్రముది, గడియారము మీద గెలుపు కుర్రవానిది. తప్పు మాత్రము యంత్రముది కాదు, నాది. అదేమో తరువాత చెప్పెదను. ముందు వాని ప్రశ్నకు జవాబు చూతము. అది ఒక్క మాటలో చెప్పునది కాదు. దాని వెనుక అర్ధశతాబ్దికి పైబడిన చరిత్ర కలదు.

గో ఆట చైనాలో పుట్టి కొరియాకు, జపానుకు వ్యాపించినది. రెండువేల సంవత్సరములకు పైబడిన ప్రాచీనత కలది. పలకమీద నిలువుగా 19, అడ్డముగా 19 గీతలుండును. మన పులి-మేక ఆటలో వలెనే ఇందులోను రాళ్లను గళ్లలో గాక గీతలు కలిసికొనుచోట పెట్టుదురు. అట్టి స్థానములు 361. ఒకరివి నల్లరాళ్లు, మరియొకరివి తెల్లరాళ్లు. పెట్టిన రాయి కదలదు. మేకలన్నియు చేరి పులికి దారి లేకుండ చేసినట్లే, ఇక్కడ ప్రత్యర్థి రాతికి ఆనుకొనియున్న ఖాళీ స్థానములన్నిటిని మూసివేసినచో ఆ రాయి పలకనుండి తొలగిపోవును. ఆట ముగియునప్పటికి ఎవరు ఎక్కువ చోటును తమదిగా చేసికొందురో వారు గెలిచినట్లు. పదేండ్ల పిల్లవానికి ఒక పూటలో నేర్పవచ్చును.

కాని ఈ సులువైన నియమములనుండి పుట్టు చిక్కు సామాన్యమైనది కాదు. చదరంగములో ఒక వంతుకు సగటున 35 ఎత్తులు వేయుటకు వీలున్నది. గోలో సుమారు 250. చదరంగపు ఆట సుమారు 80 ఎత్తులు సాగునట్టిది కాగా, గో ఆట 150 వరకు సాగును. పలకమీద నియమములకు లోబడి ఏర్పడగల స్థితులెన్ని అని జాన్ ట్రాంప్ 2016 లో ఖచ్చితముగా లెక్కకట్టగా, 171 అంకెలు గల సంఖ్య వచ్చినది. ఎంత వేగము గల యంత్రమైనను వీనినన్నిటిని తరచి చూడజాలదు.

ఇంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. చదరంగములో ఆట నడుమ ఆపి ఎవరిది పైచేయి అనిన, ఉన్న బలగమును లెక్కపెట్టి ఉజ్జాయింపుగా చెప్పవచ్చును. గోలో రాళ్లన్నియు ఒకే విలువ గలవి. ఒక మూలనున్న పది రాళ్ల గుంపు బ్రతికియున్నదో, చచ్చినట్లే లెక్కయో, నలుబది ఎత్తుల తరువాతగాని తేలకపోవచ్చును. కొలబద్ద లేనిచోట కొలత ఎట్లు?

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేసిన ఆల్బర్ట్ జోబ్రిస్ట్ 1960ల చివర వ్రాసిన ప్రోగ్రామును, పూర్తి ఆట ఆడగలిగిన వానిలో మొదటిదిగా చెప్పుదురు. అది అప్పుడే నేర్చుకొనువారిని మాత్రమే ఓడించగలిగెడిది. తరువాతి ముప్పది సంవత్సరములలో వచ్చిన ప్రోగ్రాములలో ఎక్కువ భాగము, వ్రాసినవారు తమకు తెలిసిన ఆటను సూత్రములుగా యంత్రమునకు అప్పజెప్పిన రకములే. “ఇట్టి ఆకారము కనబడిన ఇట్లు పెట్టుము” అను సూత్రములు వందలకొలది. వీనికి వ్యవధి ఎక్కువ ఇచ్చినను ప్రయోజనము కొద్దియే. కంఠస్థము చేసిన పాఠము అప్పజెప్పువానికి మూడు గంటలిచ్చిన నేమి, అరగంట ఇచ్చిన నేమి? 1997 లో డీప్ బ్లూ అను యంత్రము చదరంగపు జగజ్జేత కాస్పరోవును ఓడించినది. ఆ మరుసటి సంవత్సరమే మార్టిన్ ముల్లర్ అను ఔత్సాహిక ఆటగాడు, నాటి మేటి ప్రోగ్రాములలో నొకటైన ‘మెనీ ఫేసెస్ ఆఫ్ గో’కు ఆటకు ముందే 29 రాళ్లు పలకమీద ఉచితముగా పెట్టనిచ్చి కూడ గెలిచెను. వృత్తి ఆటగాడు కూడ కాడు! గో తెలిసినవారికి ఇంతకుమించిన పరిహాసము లేదు.

దారి మరియొక దిక్కునుండి వచ్చినది. 1946 లో స్టానిస్లా ఉలాం అను గణితజ్ఞుడు జబ్బుపడి కోలుకొనుచు, కాలక్షేపమునకు ఒంటరిగా ఆడు పేకాట ఆడుచుండెను. పంచిన ముక్కలతో ఆట పూర్తియగుటకు అవకాశమెంత అని లెక్కకట్టబోయి, లెక్క కొరుకుడు పడక, “నూరుసార్లు ఆడి ఎన్నిసార్లు పూర్తియగునో చూచిన చాలదా?” అని అనుకొనెను. వాన్ నాయ్‌మన్ చేయి కలుపగా అది అణుశాస్త్రమునకు పనికివచ్చు ఒక పద్ధతియై, మొనాకోలోని జూదశాల పేరిట మాంటీ కార్లో పద్ధతి అని ప్రసిద్ధికెక్కినది. దీనిని 1993 లో బెర్న్డ్ బ్రూగ్మన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు గోకు వర్తింపజేసెను. ఒక ఎత్తు మంచిదా చెడ్డదా అని సూత్రములను అడుగవద్దు. ఆ ఎత్తు వేసి, అక్కడినుండి ఇరువైపుల కేవలము యాదృచ్ఛికముగా రాళ్లు పెట్టుచు చివరివరకు ఆడించి చూడుము. అట్టి నమూనా ఆటలు వందలకొలది ఆడించి ఎన్ని గెలిచినవో లెక్కింపుము. చివరిలో గెలుపోటములు తేలిపోవును గనుక, కొలబద్ద లేదన్న బాధ ఇక లేదు. నాడు దీనిని పట్టించుకొన్నవారు తక్కువ.

ఇక్కడ మన ఉపాధ్యాయ మిత్రులు తరగతిలో చేయించదగిన ప్రయోగమొకటి కలదు. 40 మంది విద్యార్థుల చేత ఒక్కొక్కరిచే పదేసిసార్లు రూపాయి బిళ్ల ఎగురవేయించి బొమ్మలు లెక్కించుడు. ఒక్క విద్యార్థి లెక్క చూచిన సగము నుండి చాల దూరము పోవచ్చును. 400 సార్లు కలిపి చూచినచో సగమునకు దగ్గర పడును. సాధారణముగా ఉండు పొరపాటు 100 సార్లకు నూటికి 5 వంతులు. 400 సార్లకు రెండున్నర. 10,000 సార్లకు అరవంతు. అనగా పొరపాటును సగము చేయవలెనన్న నాలుగురెట్లు శ్రమపడవలెను. నమూనా ఆటలకును ఈ వర్గమూల నియమమే వర్తించును. వ్యవధి ఎక్కువైన నమూనాలెక్కువ. నమూనాలెక్కువైన తీర్పు నిశితము. మా కుర్రవాని ప్రశ్నకు సగము జవాబు ఇదియే. యంత్రమునకు జవాబు ముందుగా తెలియదు. అది ప్రతి ఎత్తుకును ఒక ప్రయోగము చేయుచున్నది.

2006 లో ఫ్రాన్సు దేశీయుడు రెమీ కూలోం తన ‘క్రేజీ స్టోన్’ ప్రోగ్రాములో ఈ నమూనాలను అన్ని ఎత్తులకు సమముగా పంచక, మంచివిగా తోచిన ఎత్తులకు ఎక్కువగా కేటాయించుచు, ఎత్తులు పైఎత్తుల వృక్షమును పెంచుకొనుచు పోవు పద్ధతిని ప్రవేశపెట్టెను. అదే సంవత్సరము కోచిష్, సెపెష్వారి అను హంగరీ శాస్త్రజ్ఞులు ఆ కేటాయింపునకు చక్కని గణితసూత్రము నిచ్చిరి. బాగున్న ఎత్తును మరింత పరీక్షింపుము, కాని అంతగా పరీక్షింపని ఎత్తును మరచిపోకుము – దాని సారాంశము ఇంతే. ఇక అప్పటినుండి గోలో కాలమే బలమైనది.

కాలమే బలమైనప్పుడు వేగము కొన్నవాడు కాలమును కొన్నట్లే గదా! 2008 ఆగస్టు 7వ తేదీన అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరములో ‘మోగో’ అను ఫ్రెంచి ప్రోగ్రాము, కిమ్ మ్యుంగ్వాన్ అను ఎనిమిదవ శ్రేణి వృత్తి ఆటగానిపై 9 రాళ్ల రాయితీతో గెలిచినది. పలక పోర్ట్‌లండ్‌లో, ఆలోచించిన మహాయంత్రము మాత్రము సముద్రము ఆవల ఆమ్‌స్టర్‌డామ్‌లో, 800 గణనకేంద్రములతో పనిచేయుచుండెను. పదేండ్ల క్రింద 29 రాళ్లు పుచ్చుకొని ఔత్సాహికుని చేతిలో ఓడిన జాతి ఇది!

అయితే 800 గణనకేంద్రములు అందరికిని దొరకవు. ఉన్న యంత్రముతో, ఉన్న వ్యవధితో, వ్యవధిని పంచుకొను తీరు మాత్రమే మార్చిన బలము పెరుగునా? పైకి చిన్నదిగా కనబడు ఈ ప్రశ్నను తైవాన్ విద్యార్థి హువాంగ్ షి-చియే తీసికొనెను. ‘ఎరికా’ అను ప్రోగ్రాము అతనిది. 2010 లో జపానులోని కనజావాలో జరిగిన గణకయంత్రముల ఒలింపియాడులో పెద్దపలక గోకు స్వర్ణపతకము దానిదే. అదే సంవత్సరము కూలోం, లిన్ షున్-షీలతో కలిసి అతడు ప్రకటించిన పరిశోధన నా దృష్టిలో ఈ చరిత్రకంతటికి ఆయువుపట్టు. దీనిని కొంచెము నిదానముగా చూతము.

అప్పటి ప్రోగ్రాములు సామాన్యముగా పాటించు పద్ధతి, మిగిలిన వ్యవధిని ఒక స్థిరసంఖ్యతో భాగించుట. ఉదాహరణకు 40 నిమిషములు, అనగా 2400 సెకండ్లు ఉన్నవనుకొనుడు, భాజకము 80. మొదటి ఎత్తుకు 30 సెకండ్లు. మిగిలిన 2370ని మరల 80 చేత భాగించిన 29.6. ఇట్లు తగ్గుచు తగ్గుచు, తన వంతుగా 80 రాళ్లు పెట్టునప్పటికి ఎత్తుకు 11 సెకండ్లే మిగులును. వ్యవధి ఎన్నడును పూర్తిగా అయిపోదు. అది ఈ పద్ధతిలోని సుగుణము. దోషమో? పలక ఖాళీగానుండి, ఎక్కడ పెట్టినను పెద్ద తేడా లేనప్పుడు అత్యధిక కాలము. గుంపులు గుంపులతో పెనవేసికొని ఒక్క రాయితో జాతకము మారు నడిమి ఆటలో అత్యల్ప కాలము. మొదటి రెండు మార్కుల ప్రశ్నకు నాలుగు పుటలు వ్రాసి, గంట కొట్టునప్పుడు పది మార్కుల ప్రశ్న మొదలుపెట్టు విద్యార్థిని ఎరుగని ఉపాధ్యాయుడుండునా?

హువాంగ్ భాజకమునే మార్చెను. ఆరంభములో దానిని పెద్దదిగా నుంచి, ఆట సాగినకొలది తగ్గించుచు, నడిమి ఆట దాటునప్పటికి స్థిరసంఖ్యకు తెచ్చెను. పై ఉదాహరణలోనే, భాజకము మొదట 240 అనియు, ఒక్కొక్క వంతుకు రెండేసి తగ్గి 80కి చేరుననియు అనుకొనుడు. అప్పుడు మొదటి ఎత్తుకు 10 సెకండ్లే. తన 80వ రాయి నాటికి సుమారు 17 సెకండ్లు. కాలము సరిగా కావలసినచోట పోగుపడినది. దీనికి అతడు మరికొన్ని చేర్పులు చేసెను. ఎక్కువసార్లు పరీక్షించిన ఎత్తు ఒకటి, ఎక్కువ గెలుపులు చూపుచున్న ఎత్తు వేరొకటి అయినచో తీర్పు ఇంకను కుదుటపడలేదన్నమాట. అప్పుడు మరికొంత కాలము ఇమ్ము. తాను వెనుకబడియున్నప్పుడు ఎక్కువ ఆలోచింపుము. ప్రత్యర్థి ఆలోచించుచున్న సమయములో ఊరకుండక అతడు వేయగల ఎత్తులను ముందుగానే తరచి చూడుము.

ఫలితము? జి.ఎన్.యు. గో అను ప్రోగ్రాముతో ఆడించగా, స్థిరసంఖ్యతో భాగించు పద్ధతిలో ఎరికా గెలిచినది నూటికి 43.2 ఆటలు. మంచి పంపకముతో నూటికి 60. ప్రత్యర్థి కాలమును కూడ వాడుకొనగా 67.4. యంత్రము మారలేదు. మొత్తము వ్యవధి మారలేదు. ఆట జ్ఞానము రవంతయు పెరగలేదు. ఓడువాడు గెలుచువాడైనాడు. కొత్త యంత్రము కొనుటకు నిధులు లేవని నిట్టూర్చు మావంటి ప్రయోగశాలలవారు ఈ అంకెలను గోడకు వ్రాసికొనవచ్చును!

మరుసటి సంవత్సరము, 2011 లో, నెదర్లాండ్స్‌లో పరిశోధన చేయుచున్న హెండ్రిక్ బైయర్, మార్క్ విన్నండ్స్ అనువారు ‘ఒరెగో’ అను ప్రోగ్రాముతో ఇట్టి ప్రయోగములే విస్తారముగా చేసిరి. వారి ఉపాయములలో ఒకటి ముచ్చటైనది. ముందున్న ఎత్తును 6000 సార్లు, రెండవదానిని 1500 సార్లు పరీక్షించియుండగా, ఇంకను 2000 పరీక్షలకు మాత్రమే కాలమున్నదనుకొనుడు. ఆ రెండువేలును రెండవదానికే పోయినను అది మొదటిదానిని దాటలేదు. కనుక ఇంక చూడనక్కరలేదు. వెంటనే రాయి పెట్టి ఆ కాలమును దాచుకొనుము. ఎన్నికలలో ఓట్లన్నియు లెక్కింపకముందే ఆధిక్యము చూచి ఫలితము తెలిసికొనుట వంటిదిది.

తరువాతి ఘట్టము లోకప్రసిద్ధము. లండనులోని డీప్‌మైండ్ సంస్థవారు నాడీజాలములకు ఆట నేర్పి, వానిని ఈ వృక్షపద్ధతితో జోడించి ‘ఆల్ఫాగో’ను నిర్మించిరి. వారిలో ముఖ్యుడొకడు మన హువాంగే. లోకము అతనిని అజా హువాంగ్ అని పిలుచును. 2015 అక్టోబరులో ఐరోపా జేత ఫాన్ హుయ్‌తో ఆల్ఫాగో ఆడిన ఆటల వివరములలో, చాలమంది గమనింపనిది ఒకటి కలదు. గంటేసి వ్యవధి గల ఐదు ఆటలలోను ఆల్ఫాగోయే గెలిచెను. కాని వానితోపాటు అనధికారముగా, గంట వ్యవధి లేకుండ వడివడిగా ఆడిన మరి ఐదింటిలో ఫాన్ హుయ్ రెండు గెలిచెను.

తరువాత వచ్చిన ‘ఆల్ఫాగో జీరో’ ఈ సంగతిని అంకెలతో చూపినది. ఆటగాండ్ర బలమును కొలుచుటకు ఈలో కొలమానము వాడుదురు. (దానిని కల్పించిన ఆర్పాడ్ ఈలో మనవంటి భౌతికశాస్త్ర అధ్యాపకుడే!) రెండు వందల పాయింట్ల తేడా యున్నచో బలవంతుడు నాలుగింట మూడు ఆటలు గెలుచునని స్థూలముగా చెప్పవచ్చును. 2017 లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, జీరో నాడీజాలము చూచీచూడగానే తోచిన ఎత్తు వేసినప్పుడు దాని బలము 3055. ఎత్తుకు 5 సెకండ్లు వృక్షమును తరచనిచ్చినప్పుడు 5185. తలకాయ అదే; ఆలోచించుటకు ఐదు సెకండ్లిచ్చిన లాభము రెండు వేల పైచిలుకు పాయింట్లు.

కాలమిచ్చిన చాలునా? 2016 మార్చిలో సియోలులో ఆల్ఫాగో, కొరియా మేటి లీ సెడోల్‌ను 4–1తో ఓడించెను. ఆల్ఫాగో పక్షమున బల్లకెదురుగా కూర్చుండి రాళ్లు పెట్టినది అజా హువాంగే. ఒక్కొక్కరికి రెండేసి గంటలు. అవి ముగిసిన పిదప ఎత్తుకు నిమిషము చొప్పున మూడు విడతలు. ఈ చివరి ఏర్పాటును జపానువారు బ్యోయోమి అందురు. మార్చి 13న నాలుగవ ఆటలో, కాలము తరుగుచుండగా లీ తెల్లరాయితో 78వ ఎత్తు నల్లరాళ్ల నడుమకు దూర్చెను. మనుష్యుడు ఆ ఎత్తు వేయుటకు పదివేలకు ఒక పాలు అవకాశము మాత్రమే కలదని ఆల్ఫాగో అంచనా. అంత తక్కువ విలువ కట్టిన కొమ్మను అది తరచి చూడలేదు. తరువాతి 79వ ఎత్తులో పొరపాటు చేసి, ఆ సంగతి 87వ ఎత్తు దగ్గరగాని గ్రహించలేదని సంస్థాధిపతి డెమిస్ హసాబిస్ నాడే వెల్లడించెను. లీ గెలిచిన ఆట అదొక్కటే. సందేహము కలిగినచోట ఎక్కువ కాలము వెచ్చించుమని యంత్రమునకు చెప్పవచ్చును. సందేహమే కలుగనిచోట ఏమి చేయును?

ఇక నా తప్పు. మా ప్రయోగశాలలో ఆడించినది, డేవిడ్ వూ 2019 నుండి ఎల్లరకు ఉచితముగా ఇచ్చిన ‘కాటాగో’. దానికొక అమరికల పత్రము కలదు. ఎత్తుకు ఎన్ని స్థితులు పరీక్షింపవలెను, గరిష్ఠముగా ఎన్ని సెకండ్లు, పని ఎన్ని పాయలుగా జరుగవలెను, ప్రత్యర్థి కాలమును వాడుకొనవలెనా అనునవి అందు వ్రాసికొనవలెను. నేను బలము పెంచవలెనను ఆశతో ఎత్తుకు 1600 పరీక్షలని వ్రాసితిని. చిత్రపటముల పనికై వేరుగా అమర్చు శక్తిమంతమైన కార్డు మా పాత యంత్రములో లేదు. 1600 పరీక్షలకు దానికి రెండు నిమిషములకు దగ్గరగా పట్టెడిది. గడియారము మేము బల్లమీద పెట్టుకొంటిమి గాని, వ్యవధి ఇంత అని యంత్రమునకు చెప్పనేలేదు. గో ప్రోగ్రాములతో మాటలాడుటకు ఏర్పరచిన సంకేతభాషలో ‘మిగిలిన కాలమింత’ అని ప్రతి ఎత్తుకు ముందు తెలుపుటకు ప్రత్యేకమైన ఆజ్ఞయే ఉన్నది. దానిని వాడకుండ, పాపము, పరీక్షకాలము చెప్పకుండ కుర్రవానిని హాలులో కూర్చుండబెట్టినట్లు చేసితిని.

మరునాడు సవరించితిమి. పరీక్షల సంఖ్యపై కట్టుబాటు తీసివేసి 40 నిమిషముల వ్యవధిని తెలియజేసితిమి. యంత్రము జవాబు మాకందుటలో ఆలస్యము కావచ్చునని ఒక సెకండు చేతిలో ఉంచుకొనుమంటిమి. పాయల సంఖ్యను ఇష్టము వచ్చినట్లు పెంచుట కూడ మంచిది కాదు. ఒక పాయ ఫలితము రాకముందే మరియొకటి బయలుదేరుట వలన పరీక్షకు పరీక్షగా చూచిన నాణ్యము తగ్గును. ఎన్ని పాయలు తగునో కొలిచి చెప్పు ఆజ్ఞ కాటాగోలోనే కలదు. దానిని నడిపి, మా యంత్రమునకు తగినది ఎంచుకొంటిమి.

ఆట మరల మొదలైనది. మూలలలో రాళ్లు చకచక పడినవి. ముప్పదవ ఎత్తు ప్రాంతమున కుర్రవాడు రెండు గుంపుల నడుమ ఒక రాయి దూర్చి కుర్చీలో వెనుకకు వాలెను. తెర కదలలేదు. పది సెకండ్లు, ఇరువది సెకండ్లు గడచినవి. “ఏం సార్, మళ్లీ నిద్రపోయిందా?” అనెను.

“లేదు. ఆలోచిస్తోంది” అంటిని.